ఏనుగు బరువు మోసిన ఊపిరి

మీ అబ్బాయి బాక్సింగ్ క్లాసులో చేరి మూడు నెలలైందనుకుందాం. రాత్రి అన్నాలు తినేముందు చొక్కా పైకెత్తి, పొట్ట బిగబట్టి, గుద్ది చూడమని చెల్లెల్ని పిలుస్తాడు. ఆ పిల్ల నవ్వుతూ ఒకటి వేస్తుంది. ఏమీ కాలేదన్నట్టు వాడు మీ వంక చూస్తాడు. మీరు మురిసిపోవాలా, కోప్పడాలా?

హైదరాబాద్ పాతబస్తీలో ఈ సరదా కొత్తదేమీ కాదు. తాలీంలలో మెత్తటి మట్టి మీద దండీలు, బస్కీలు తీసే కుర్రాళ్లున్న ఊరు ఇది. బార్కస్ పహిల్వాన్ల పేరు వినని హైదరాబాదీ అరుదు. ఇప్పుడు దీనికి ఫోన్లు తోడయ్యాయి. ఒకడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు, స్నేహితులు వరసగా వచ్చి కడుపులో గుద్దుతారు, ఇంకొకడు రీలు తీస్తాడు. అలాంటివి చూసినప్పుడల్లా నాకు మన తెలుగువాడు ఒకాయన గుర్తొస్తాడు. ఆయన ఛాతీ మీద ఏనుగు నిలబడేది. అయినా ఆ కుర్రాళ్లు చేసే పని ఆయన చేసేవాడు కాదేమో అనిపిస్తుంది. ఆయన కోడి రామ్మూర్తి నాయుడు. పొట్ట కండరాలు ఎంత దెబ్బను ఆపగలవో, ఎక్కడ చేతులెత్తేస్తాయో ఆయన కథ పట్టుకుని చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కథ ఉత్తరాంధ్రలో మొదలవుతుంది గానీ, చివర్లో నయాపూల్ అవతలున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి దగ్గర కాసేపు ఆగాల్సి వస్తుంది.

వీరఘట్టం కుర్రాడు

రామ్మూర్తి 1880ల తొలినాళ్లలో వీరఘట్టంలో పుట్టాడు. మొన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లి లేని పిల్లాడు, పైగా అల్లరి. తండ్రి అతన్ని విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా ఉన్న చిన్నాన్న నారాయణస్వామి ఇంటికి పంపాడు. చదువు అంతగా అబ్బలేదు. కాళ్లు మాత్రం రోజూ తాలింఖానా వైపు నడిచేవి.

ఈ మాట దగ్గర ఒక్క నిమిషం. పాతబస్తీలో తాలీం అన్నా, విజయనగరం, విశాఖల్లో తాలింఖానా అన్నా మాట ఒక్కటే. తాలీం అంటే శిక్షణ, చదువు. ఒళ్లు పెంచడాన్ని మన పెద్దలు చదువుగానే చూశారు. గురువు ఉంటాడు, పాఠం ఉంటుంది, ఒక తరగతి దాటితే గానీ ఇంకో తరగతి రాదు. ఇవాళ్టి జిమ్ కుర్రాళ్లకు లేనిది చాలావరకు అదే.

ఇరవయ్యొక్క ఏళ్లకే రామ్మూర్తి ఛాతీ మీద ఒకటిన్నర టన్ను బరువు మోశాడని, తర్వాత దాన్ని మూడు టన్నులకు పెంచాడని చెబుతారు. లెక్కలో అటూ ఇటూ ఉన్నా, ఒకేసారి మూడుకు పోలేదన్న సంగతి మనకు ముఖ్యం. మద్రాసు వెళ్లి ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్ పట్టుకుని విజయనగరం తిరిగొచ్చి, తను చదివిన స్కూల్లోనే డ్రిల్లు మాస్టారయ్యాడు. డ్రిల్లు మాస్టారి జీతంతో, బడి మైదానంతో ఆగే మనిషి కాదు. మిత్రుల సాయంతో సర్కస్ కంపెనీ పెట్టాడు. ఆ సర్కస్ దేశమంతా తిరిగింది.

అప్పట్లో యూరప్‌లో యూజిన్ శాండో అనే కండలవీరుడి పేరు మోగిపోతుండేది. 1905 ప్రాంతంలో ఆయన మన దేశానికీ వచ్చి ప్రదర్శనలిచ్చాడు. తెల్లవాళ్ల ఒంట్లోనే బలం ఉంటుందని మనవాళ్లు కూడా నమ్మేసిన కాలమది. అలాంటప్పుడు ఒక తెలుగువాడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి నింపి తెంచేస్తే జనం ఊగిపోయారు. రెండు మోటారు కార్లను గొలుసులతో తనకు కట్టించుకుని అటొకటి ఇటొకటి కదలకుండా ఆపేవాడు. ఇండియన్ శాండో, కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులస్ అని బిరుదులొచ్చాయి. పూనాలో తిలక్, అలహాబాదులో మాలవీయ వంటి పెద్దలు ఆయన్ని ఆదరించారు. కలకత్తాలో ఆయన ప్రదర్శన చూసి ముగ్ధుడైన ఓ బెంగాలీ కుర్రాడు సర్కస్‌లో చేరి, తర్వాత భీమ్ భవానీ పేరుతో తానే ఏనుగును ఎక్కించుకునే వస్తాదయ్యాడు. మాంసం ముట్టని శాకాహారి ఇంత బలం ఎలా తెచ్చుకున్నాడన్నది ఆ రోజుల్లో పెద్ద చర్చ. కండలు పప్పుతో, పాలతో కూడా వస్తాయి. ఆ చర్చ ఇక్కడ అనవసరం.

ఏనుగు వచ్చేముందు

సర్కస్‌లో పెద్ద ఆకర్షణ ఏనుగు. రామ్మూర్తి వెల్లకిలా పడుకునేవాడు. ఛాతీ మీద చెక్క పరిచేవారు. ఏనుగు మెల్లగా వచ్చి దాని మీద నిలబడేది. కొన్ని నిమిషాలపాటు అలా ఉంచేవాడని ఆనాటివాళ్లు చెప్పుకునేవారు. ప్రాణాయామంలో ఆయనకు గట్టి అభ్యాసం ఉండేది. వాయుస్తంభన, జలస్తంభన అంటూ ఊపిరి బిగబట్టే విద్యల్ని కూడా ప్రదర్శించేవాడు.

ఇందులో మంత్రం లేదు. మీరు కూర్చున్న చోటే ఒక పని చేయండి. అరచేయి బొడ్డు మీద ఆనించి ఒక్కసారి గట్టిగా దగ్గండి. చేతి కింద పొట్ట క్షణంలో చెక్కలా బిగుసుకుంది కదా? ఆ బిగువే అసలు సంగతి.

మన నడుము భాగాన్ని ఓ పీపాలా ఊహించుకోండి. పైన మూతలా డయాఫ్రం అనే ఊపిరి కండరం. అడుగున కటి కండరాలు. చుట్టూ గోడల్లా నాలుగు జతల పొట్ట కండరాలు. ముందువైపు నిలువుగా ఉండేదే అందరూ సిక్స్‌ప్యాక్ అని మురిసిపోయేది. పక్కల్లో ఏటవాలుగా రెండు పొరలు. అన్నిటికన్నా లోపల నడుముకు పట్టీ కట్టినట్టు అడ్డంగా చుట్టుకుని ఉండేది నాలుగోది. అద్దంలో కనిపించదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఊపిరి తీసుకుని ఈ గోడలన్నీ ఒకేసారి బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. గాలి లేని సైకిల్ ట్యూబును చిన్నపిల్ల మడిచేస్తుంది. గాలి నింపితే అదే ట్యూబు మనిషిని మోస్తుంది. రామ్మూర్తి ఛాతీ, పొట్ట ఏనుగు కింద చేసింది ఇదే.

ఇంకో రెండు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి చెక్క. ఏనుగు బరువంతా ఒక్క పాదం మోపిన చోట పడితే పక్కటెముకలు పుల్లల్లా విరుగుతాయి. చెక్క ఆ బరువును ఒంటి మీద పరుస్తుంది. రెండోది, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పెద్దది, ఏనుగు చెప్పి వస్తుంది. బ్యాండు మోగుతుంది, మావటి నడిపిస్తాడు, ఆ వచ్చే పాదం కోసం ఊపిరి ముందే సిద్ధమై ఉంటుంది. పిడికిలి అలా రాదు.

బాక్సర్ పొట్ట

బాక్సింగ్‌లో శరీరానికి తగిలే దెబ్బలు తల దెబ్బలంత నాటకీయంగా కనిపించవు. కానీ నాలుగు తింటే కాళ్లు బరువెక్కుతాయి, చేతులు కిందికి జారతాయి. అందుకే బాక్సర్లు పొట్టను తయారు చేసుకుంటారు. చాలామంది అనుకున్నట్టు రోజూ దెబ్బలు తిని తిని మొద్దుబారడం కాదిది. ఇందులో మూడు పనులున్నాయి. కండరం మందం పెరగాలి. దెబ్బ కనిపించీ కనిపించగానే అది బిగుసుకోవాలి. ఊపిరి దానికి తగ్గట్టు కదలాలి.

ఊపిరి దగ్గరే కొత్తవాళ్లు పొరబడతారు. ఏనుగు కింద రామ్మూర్తిలా నిండా గాలి పీల్చి బిగబట్టి ఉండటం రింగ్‌లో పనికిరాదు. పది క్షణాల్లో ఆయాసం వస్తుంది. బాక్సర్ దెబ్బ తగిలే క్షణాన ముక్కులోంచో పళ్ల సందులోంచో చిన్నగా, చురుగ్గా ఊపిరి వదులుతాడు. టీవీలో పోటీ చూస్తున్నప్పుడు వినిపించే ఆ బుస్సుమనే చప్పుడు అదే. కొంచెం ముందు మీరు దగ్గినప్పుడు జరిగింది కూడా ఇదే. ఊపిరి విసురుగా బయటికి పోతే లోపలి పట్టీ కండరం దానంతటదే బిగుస్తుంది. గడ్డం కిందికి, మోచేతులు పక్కటెముకల మీదికి, నడుము కొద్దిగా మెలితిప్పి దెబ్బను జారవిడవడం దీనికి తోడు. నిజానికి మంచి బాక్సర్ దెబ్బను పొట్టతో కాదు, మోచేత్తో ఆపుతాడు. పొట్ట ఆఖరి కాపలాదారు.

తెలిసిన కోచ్ దగ్గర ఈ శిక్షణ మెల్లగా నడుస్తుంది. మొదట్లో గుద్దులే ఉండవు. ప్లాంకులు, పక్క ప్లాంకులు, వెల్లకిలా పడుకుని కాళ్లెత్తడం, నడుము తిప్పే కసరత్తులు. కొన్ని నెలలు ఇవే. తర్వాత మెడిసిన్ బాల్ వస్తుంది. ముందు ఒకటి రెండు కిలోల బంతిని చేతికి అందేంత దగ్గర నుంచి పొట్ట మీదికి వదులుతారు. తగిలే క్షణానికి ఊపిరి వదలడం అలవాటయ్యాక ఎత్తు పెంచుతారు, ఆ తర్వాతే బరువు. చివర్లో గ్లౌజు తొడిగిన తోటి బాక్సర్ తేలిగ్గా తట్టడం. ముందు చెప్పి తడతాడు, తర్వాత చెప్పకుండా. ఈ వరసలో ఏ మెట్టునూ దాటెయ్యకూడదు. రెండు వారాల్లో గుద్దులు తినిపించే కోచ్ దొరికితే వెతుక్కోవాల్సింది ధైర్యం కాదు, ఇంకో కోచ్‌ని.

అన్నం తిన్న రెండు మూడు గంటల దాకా ఇవేవీ వద్దు. మూత్రం నిండుగా ఉన్నప్పుడు అసలే వద్దు. నిండిన మూత్రాశయం గట్టి దెబ్బకు పగలగలదు. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే కసరత్తుల జోలికి డాక్టర్‌ని అడగకుండా పోకూడదు. బాగా తర్ఫీదైన కండలవీరులు ఊపిరి బిగబట్టి భారీ బరువులు నెడుతున్నప్పుడు కొలిస్తే వాళ్ల పై బీపీ 300 దాటిన దాఖలాలున్నాయి. ఆరోగ్యవంతుడి రక్తనాళాలు కాసేపు తట్టుకుంటాయి. యాభై దాటి, బీపీ మాత్రలు వేసుకునే మీలాంటి, నాలాంటి వాళ్ల నాళాలు తట్టుకోవాలని లేదు. హెర్నియా ఉన్నవాళ్లు, పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, ఎదిగే వయసు పిల్లలు పొట్ట మీద దెబ్బలు తినే ఏ కసరత్తూ చేయకూడదు.

కండ కాయలేనివి

కుడివైపు పక్కటెముకల అంచు కింద చేయి పెట్టుకోండి. అక్కడ కాలేయం ఉంది. సుమారు కిలోన్నర బరువుండే పెద్ద అవయవం. దాని కింది అంచు వైపు కండల గోడ పలచన. ఎడమచేతి హుక్ సరిగ్గా అక్కడ తగిలితే ప్రపంచ ఛాంపియన్ అయినా ఒకటి రెండు క్షణాలు నిలబడి, తర్వాత మోకాళ్ల మీద కూలిపోతాడు. మనసు లేవమన్నా ఒళ్లు మాట వినదు. కాలేయాన్ని ఏ కసరత్తూ గట్టిపరచదు. పక్కటెముకలు కలిసే చోట, బొడ్డుకూ ఛాతీకీ నడుమ తగిలితే ఊపిరి ఆగిపోయినట్టుంటుంది. అక్కడి నరాల గుత్తి అదిరి, డయాఫ్రం కాసేపు పట్టేస్తుంది. సాధారణంగా నిమిషంలోపు సర్దుకుంటుంది. వెనక నడుము మీద, మూత్రపిండాలుండే చోట కొట్టడం బాక్సింగ్‌లో ఫౌల్. నిబంధనలు రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం ఉంటుంది. మామూలుగా పిడికిలంత, ఎముకల చాటున భద్రంగా. మలేరియా వస్తే వాస్తుంది. టైఫాయిడ్‌లో, కొన్ని వైరల్ జ్వరాల్లో కూడా. వాచిన ప్లీహం పలచబడి, ఎముకల చాటు నుంచి కిందికి దిగుతుంది. అప్పుడు చిన్న దెబ్బ చాలు, పగిలి లోపల రక్తం కారడానికి. ఇది తెలుసుకోవడానికి మనదేశం భయంకరమైన మూల్యం చెల్లించింది. తెల్లదొరలు నౌకర్లను తన్ని చంపేసి, వాడి ప్లీహం ముందే వాచి ఉందని కోర్టుల్లో తప్పించుకునేవారు. 1870ల మధ్యలో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లిషు ప్లీడరు గుర్రపువాణ్ని కొడితే ఆ మనిషి ప్లీహం పగిలి చనిపోయాడు. కోర్టు వేసిన జరిమానా ముప్ఫై రూపాయలు. వైస్రాయ్ లిట్టనే ఆ తీర్పును తప్పుబట్టాల్సి వచ్చింది. రామ్మూర్తి పుట్టింది ఆ తర్వాతి దశాబ్దంలో. దేశీయుడి ఒళ్లు పిల్లబలమని దొరలు నవ్వే రోజుల్లో ఆయన ఏనుగును ఎక్కించుకోవడం జనానికి ఎందుకంత ముద్దొచ్చిందో ఈ నేపథ్యం తెలిస్తే అర్థమవుతుంది.

కాబట్టి మీ అబ్బాయికి ఈ మధ్య మలేరియా, టైఫాయిడ్, డెంగీ, కామెర్లు వంటివి వచ్చి తగ్గితే జ్వరం పోగానే రింగ్‌లోకి పంపకండి. కనీసం మూడు నాలుగు వారాలు ఆగి, డాక్టర్ పొట్ట తడిమి చూసి సరేనన్నాకే పంపండి.

సోఫాలో పడుకున్న మాంత్రికుడు

రామ్మూర్తి కాలంలోనే అమెరికాలో ఇంకో ప్రదర్శనకారుడు ఒంటి బలంతో పేరు తెచ్చుకున్నాడు. సంకెళ్లు, తాళాలు తప్పించుకుని బయటపడే హ్యారీ హూడిని. 1874లో బుడాపెస్ట్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా చేరాడు. తన పొట్ట కండరాలు ఎంత దెబ్బనైనా తట్టుకుంటాయన్న పేరు ఆయనకుండేది.

1926 అక్టోబర్ 22న కెనడాలోని మాంట్రియల్‌లో థియేటర్ గదిలో సోఫా మీద వాలి ఉన్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే చీలమండ విరిగింది, లేచి నిలబడటం కష్టంగా ఉంది. చూడవచ్చిన ఒక విద్యార్థి పొట్ట బలం సంగతి నిజమేనా అని అడిగి, ఆయన బిగించుకునేలోపే వరసగా గుద్దాడు. రామ్మూర్తికి ఏనుగు ఇచ్చిన ఆ కొద్దిపాటి వ్యవధి హూడినికి దొరకలేదు. వయసు 52.

నొప్పి మొదలైంది. దెబ్బల నొప్పేననుకున్నాడు. రైలెక్కి డెట్రాయిట్ వెళ్లాడు. జ్వరం 104 డిగ్రీలకు చేరింది. డాక్టర్ ఆస్పత్రికి వెళ్లమన్నా ప్రదర్శన ఆపలేదు. ఆ తర్వాత ఆపరేషన్ చేస్తే అపెండిక్స్ పగిలి, చీము పొట్టంతా పాకి ఉంది. యాంటీబయోటిక్స్ లేని రోజులు. అక్టోబర్ 31న చనిపోయాడు. గుద్దుల వల్ల అపెండిక్స్ వాచిందా అంటే నేటి వైద్యులు చాలావరకు ఒప్పుకోరు. అలా జరగడం చాలా అరుదు. అంతకుముందే వాపు మొదలై ఉండొచ్చు. గుద్దులు చేసిన అసలు కీడు వేరు. లోపలి నొప్పికి ఒక సాకు దొరికింది. కండలు గట్టివన్న నమ్మకం ఆ సాకును ఇంకా బలపరిచింది.

మీ ఇంట్లో ఎవరికైనా పొట్ట మీద దెబ్బ తగిలితే, అది బాక్సింగే కానివ్వండి, బండి హ్యాండిల్ గుచ్చుకోవడమే కానివ్వండి, ఆ రాత్రంతా ఒక కన్నేసి ఉంచండి. నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, పొట్ట తాకితే గట్టిగా ఉంటే, వాంతులవుతుంటే, మనిషి పాలిపోయి చెమటలు పడుతుంటే ఆగకండి. ఎడమ భుజం కొసన నొప్పి అన్నా తేలిగ్గా తీసుకోకండి. భుజానికేమీ తగలకపోయినా ప్లీహం నుంచి రక్తం కారితే అక్కడ నొప్పి తెలుస్తుంది. మూత్రంలో ఎరుపు కనిపిస్తే మూత్రపిండానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. అల్ట్రాసౌండ్, అవసరమైతే సీటీ స్కాన్ చేస్తే తెలిసిపోతుంది. కొన్నిసార్లు ప్లీహం దెబ్బ తగిలిన రోజున కాక, కొన్ని రోజుల తర్వాత పగులుతుంది. అందుకే వారం పదిరోజుల దాకా జాగ్రత్త తప్పదు.

చివరికి పాదం దగ్గర

రామ్మూర్తి విదేశాలు చుట్టి వచ్చాడు. బాగా సంపాదించాడు, చేతికి ఎముక లేనట్టు ఖర్చుపెట్టాడు. దానధర్మాలకు పెద్ద పేరు. ఆయన్ని పడగొట్టింది ఏ వస్తాదూ కాదు, ఏ ఏనుగూ కాదు. కాలి మీద పుండు లేచింది. మానలేదు. ఆఖరికి కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో మనసును నిలిపి ఆపరేషన్ చేయించుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడే పాతబస్తీ మళ్లీ గుర్తొస్తుంది. రామ్మూర్తి వద్దన్నాడని చెప్పే ఆ మత్తుమందు, క్లోరోఫామ్, అప్పటికి కొన్ని దశాబ్దాల ముందు మూసీ ఒడ్డున తగవు తీర్చుకున్నది. దాంతో రోగులు కొందరు ఆపరేషన్ బల్ల మీదే చనిపోయేవారు. గుండె ఆగుతోందా, ఊపిరి ఆగుతోందా అన్నది వాదన. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా డబ్బిచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని చూసే ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షించి వాళ్లు చెప్పింది, నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండమని. అది సగమే నిజం. క్లోరోఫామ్ కొన్నిసార్లు గుండెను కూడా ఉన్నట్టుండి ఆపేస్తుందని 1911లో ఇంగ్లండ్‌లో గుడ్‌మన్ లెవీ తేల్చాడు. అయినా ఆపరేషన్ బల్ల మీద రోగి ఊపిరి మీదే చూపుండాలన్న అలవాటు ఇప్పటికీ మత్తు డాక్టర్లకు మొదటి పాఠమే. ఆ పాత ఆస్పత్రి 1908 మూసీ వరదల్లో కొట్టుకుపోయింది. అక్కడ లేచిందే ఉస్మానియా ఆస్పత్రి.

ఊపిరిని అంతగా వశం చేసుకున్న మనిషికి కాలి పుండు ఎందుకు మానలేదు? ఆయన వ్యాధి ఏమిటో ఇప్పుడు మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం, తేల్చకూడదు కూడా. కానీ ఇవాళ మన ఇళ్లలో మానని కాలి పుండు అంటే ముందు చూడాల్సినవి మూడు. రక్తంలో చక్కెర, కాలికి రక్తం సరిగ్గా వెళుతోందా లేదా, పాదానికి స్పర్శ తెలుస్తోందా లేదా. కసరత్తు చేసే మగవాళ్లు ఛాతీ కొలుచుకుంటారు, పొట్ట చూసుకుంటారు, అరికాలు తిప్పి చూసుకోరు. నలభై దాటిన వస్తాదులకు, వాకింగ్ చేసే నాన్నలకు, మోకాళ్ల నొప్పులున్నా ఇంటి పనులన్నీ చక్కబెట్టే అమ్మలకు ఇది వర్తిస్తుంది. పడుకునేముందు పాదాలు కడిగి తుడుచుకుని, వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. వంగలేకపోతే అద్దం నేల మీద పెట్టుకోండి. రెండు వారాల్లో మానని పుండు పసుపు రాసే పుండు కాదు, డాక్టర్‌కి చూపించే పుండు. షుగర్ ఉంటే రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

రామ్మూర్తి చివరి రోజులు ఒరిస్సాలోని ఒక సంస్థానంలో గడిచాయి. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో కన్నుమూశాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఫొటోల్లో ఆ ఛాతీ చూసి మీ అబ్బాయి ముచ్చటపడితే పడనివ్వండి. బాక్సింగ్ మానమనక్కర్లేదు. అన్నం ముందు చెల్లెలి చేత గుద్దించుకోవడం మాత్రం మానమనండి. ఎప్పుడైనా ఎడమ పక్కన నొప్పిగా ఉందంటే, బాక్సర్‌వి కదా ఓర్చుకోమనకుండా బండి తీయండి.

ఆయన పోయేనాటికి పెన్సిలిన్ మందుగా లోకంలో అడుగుపెడుతోంది. మన దేశంలో దాని తయారీ మొదలైంది 1955లో, పూనా పక్కనున్న పింప్రిలో.